పిల్లలు క్రిప్టోలో డబ్బు దాచుకుంటామంటే పెద్దవాళ్లు దగ్గరుండి చేయించవలసిన పనులు

గత దసరాకు మా అన్నయ్య కూతురు నల్లకుంటలోని మా ఇంటికి వచ్చి, భోజనాలయ్యాక నా పక్కన కూర్చొని, "బాబాయ్, నెలకు కొంత బిట్‌కాయిన్‌లో దాచుకుందామనుకుంటున్నాను. నువ్వు బ్యాంకులో చేశావు కదా, దగ్గరుండి చేయిస్తావా?" అని అడిగింది. తనకు ఇరవై మూడేళ్లు. గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరి అప్పటికి ఐదు నెలలైంది. వద్దని ఒక్క మాట చెప్పి పంపడం నాకు తేలికే. కానీ ఇంట్లో వద్దన్నారని పెద్దలకు తెలియకుండా, హాస్టల్ గదిలో ఎవరో చెప్పిన యాప్‌లో మొదటి జీతాలు పెట్టి, పోయిన తర్వాత పాస్‌బుక్ పట్టుకొని బ్యాంకుకు వచ్చిన పిల్లలను నా ఉద్యోగకాలంలో చూశాను. అప్పుడు మేము చేయగలిగింది చాలా తక్కువ. అందుకే మా అమ్మాయికి సరేనన్నాను. ఆ తర్వాత మేమిద్దరం ఏ పని ఏ వరుసలో చేశామో, ఎందుకు అలా చేశామో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీ ఇంట్లో మేనల్లుడో, మనవరాలో ఇదే మాట అడిగితే ఉపయోగపడుతుంది.

ముందుగా "దాచుకోవడం" అన్న మాట గురించి మాట్లాడుకోవాలి. బ్యాంకులో వేసిన డబ్బు దాచుకున్న డబ్బే. ఆ బ్యాంకు మూతపడినా ఒక్కో డిపాజిటుదారుకు 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉంది. బిట్‌కాయిన్ వంటి క్రిప్టోకు, అంటే ఏ ప్రభుత్వమూ విడుదల చేయని, ఇంటర్నెట్‌లోనే ఉండే డిజిటల్ కాయిన్లకు, అటువంటి బీమా ఏదీ లేదు. పైగా దాని ధర నిలకడగా ఉండేది కాదు. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ ధర సుమారు 69,000 డాలర్లకు చేరింది. ఏడాది తిరిగేసరికి, 2022 నవంబరులో, 16,000 డాలర్ల కిందికి పడిపోయింది. ఆ శిఖరం దగ్గర లక్ష రూపాయలు పెట్టినవారికి ఏడాది తర్వాత మిగిలింది సుమారు పాతిక వేలు. అదే బిట్‌కాయిన్ 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటిన మాట కూడా నిజమే, కానీ ఈ రెండో వాక్యం ఒక్కటే చెప్పేవాళ్లు పిల్లల చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు కాబట్టి, మొదటి వాక్యం చెప్పవలసిన బాధ్యత మనదవుతుంది. నేను మా అమ్మాయిని ఒకే ప్రశ్న అడిగాను: "నువ్వు పెట్టిన లక్ష పాతిక వేలైన నెలలో హాస్టల్ ఫీజు దేనితో కడతావు?" ఆ ప్రశ్నకు జవాబు దొరికేవరకు క్రిప్టో మాట ఎత్తకూడదని ఇద్దరం ఒప్పుకున్నాం.

జవాబు వెతకడానికి ఒక కాగితం మీద తన జీతం లెక్క వేశాం. చేతికి వచ్చేది 38,000. హాస్టల్‌కు 9,500, రాకపోకలకు, తిండికి, ఇంటికి పంపేదానికి పోగా, గట్టిగా పట్టుకుంటే నెలకు 10,000 మిగులుతుంది. అయితే క్రెడిట్ కార్డు మీద ఫోన్ కొన్న ఈఎంఐ ఇంకా రెండు నెలలు ఉంది. క్రెడిట్ కార్డు బాకీ మీద వడ్డీ నెలకు మూడు శాతానికి పైగా పడుతుంది. అప్పు అలా నడుస్తుండగా బిట్‌కాయిన్ కొనడమంటే ఒక విధంగా అప్పు తెచ్చి కొనడమే. కాబట్టి డిసెంబరు వరకు ఆగి, ఆ బాకీ తీర్చి, జనవరి జీతంతో మొదలుపెట్టాం. ఆ పదివేలలో ఆరు వేలు బ్యాంకులో రికరింగ్ డిపాజిట్, మూడు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము కూడేవరకు దానిని కదిలించకూడదు. మూడు వేలు మ్యూచువల్ ఫండ్ సిప్. మిగిలిన వెయ్యి మాత్రమే క్రిప్టోకు. జీతంలో అది మూడు శాతం కూడా కాదు. మా అమ్మాయికి అది మరీ తక్కువగా తోచింది, ముఖం చిన్నబుచ్చుకుంది కూడా. నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు: తొలి ఏడాది నేర్చుకోవడానికి వెయ్యి చాలు, చేసే తప్పులు వెయ్యి రూపాయల దగ్గర జరిగితే వాటి ఖరీదు కూడా తక్కువగానే ఉంటుంది.

వయసు, పేరు, కాగితాలు

పద్దెనిమిదేళ్లు నిండనివారికి మన దేశంలో ఎక్స్ఛేంజీలో, అంటే క్రిప్టో కొని అమ్మే సంస్థలో, ఖాతా తెరవడం కుదరదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు ఒప్పందం చేసుకోలేడు. ఇంటర్ చదివే కొడుకు పట్టుబట్టాడని తండ్రి తన పేరు మీద ఖాతా తెరిచి ఫోన్ అబ్బాయి చేతికి ఇవ్వడం మా కాలనీలోనే చూశాను. అలా చేస్తే ఆ ఖాతాలో జరిగిన ప్రతి లావాదేవీకి పన్నుల శాఖ ముందు జవాబు చెప్పవలసినవాడు తండ్రే. అబ్బాయికి మాత్రం అది ఆటగానే మిగిలిపోతుంది. మైనరు పిల్లలకు అంతకంటే మంచి దారి ఉంది. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవడానికి బ్యాంకులు అనుమతించవచ్చని రిజర్వు బ్యాంకు 2025లో చెప్పింది. ఆ ఖాతా తెరిపించండి. క్రిప్టో మీద కుతూహలం ఉంటే, ఒక నోటు పుస్తకంలో ప్రతి నెలా మొదటి తేదీన ఆనాటి ధరకు ఐదువందల రూపాయల బిట్‌కాయిన్ కొన్నట్టు రాయించండి, అసలు డబ్బు పెట్టకుండా. ఆరు నెలలు ఆ లెక్క రాసిన పిల్లవాడికి ధరల ఎగుడుదిగుళ్లు మనం గంటసేపు చెప్పినదానికంటే బాగా అర్థమవుతాయి.

పద్దెనిమిది దాటినవారికి పాన్, ఆధార్, సొంత పేరు మీద బ్యాంకు ఖాతా, సొంత పేరు మీద ఉన్న మొబైల్ నంబరు ఉండాలి. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. మా అమ్మాయి వాడే సిమ్ వాళ్ల నాన్న పేరు మీద ఉంది, ముందు దానిని తన పేరుకు మార్పించాం. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా మూడింటిలోనూ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉందో లేదో కూడా చూడండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉండటం తెలుగువాళ్ల ఇళ్లలో సర్వసాధారణం, కేవైసీ అక్కడే ఆగిపోతుంది.

మీరు బహుమతిగా కొంత ఇవ్వాలనుకుంటే రూపాయలనే వాళ్ల బ్యాంకు ఖాతాకు పంపండి. తల్లిదండ్రులు, తాతలు, తల్లిదండ్రుల తోబుట్టువులు, అంటే బాబాయిలు, మేనమామలు, అత్తలు, పిన్నులు, ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో బంధువులే. వారిచ్చిన బహుమతి మీద పుచ్చుకున్నవారికి పన్ను ఉండదు. కాయిన్ల రూపంలో ఇచ్చినా అదే సూత్రం వర్తిస్తుంది, కానీ వాటిని తర్వాత అమ్మినప్పుడు కొన్న ధర ఎంతని తేల్చడానికి మీ కాగితాలు వాళ్లకు కావలసి వస్తాయి. స్నేహితులు బంధువుల కిందికి రారు. వాళ్ల దగ్గరి నుంచి ఏడాదిలో వచ్చిన బహుమతులు 50,000 రూపాయలు దాటితే పన్ను పడుతుంది.

చట్టం మాట

క్రిప్టో మన దేశంలో చెల్లుబాటయ్యే నాణెం కాదు, అలాగని నిషేధించినదీ కాదు. బ్యాంకులు ఈ వ్యాపారానికి సేవలందించకూడదని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది, 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2022లో పన్ను వచ్చింది. 2023 మార్చిలో ఎక్స్ఛేంజీలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. రిజర్వు బ్యాంకు స్వయంగా విడుదల చేసిన డిజిటల్ రూపాయి వీటితో సంబంధం లేని వేరే విషయం. అది మన రూపాయే, ధర పెరగదు, తరగదు. పిల్లలు ఈ రెంటినీ కలిపి మాట్లాడుతుంటే విడదీసి చెప్పండి.

ఎక్స్ఛేంజీని ఎంచుకోవడం

ఎక్స్ఛేంజీ కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ వద్ద నమోదై ఉండాలి. నమోదు కాని విదేశీ యాప్‌లో ఎంత తక్కువ రుసుము కనిపించినా అటు పోకూడదు. అయితే నమోదు అంటే హామీ కాదని కూడా చెప్పాలి. 2024 జులైలో మన దేశంలోని ఒక పెద్ద ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లను దొంగలు తరలించుకుపోయారు. ఖాతాదారులు తమ కాయిన్లను ఏడాదికి పైగా బయటకు తీసుకోలేకపోయారు. అంతకు ముందు 2022 నవంబరులో, ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటైన ఎఫ్‌టీఎక్స్ రోజుల వ్యవధిలో దివాలా తీసింది. ఎక్స్ఛేంజీలో కనిపించే అంకె మన కాయిన్ కాదు, ఆ సంస్థ మనకు బాకీ ఉన్నట్టు చూపే పద్దు. ఈ తేడా పిల్లలకు తెలియకపోతే మిగిలిందంతా తెలిసినా లాభం లేదు.

ఎంచుకునేటప్పుడు నేను రెండు ప్రశ్నలకే ప్రాధాన్యమిచ్చాను. మొదటిది, రూపాయలు తిరిగి మన బ్యాంకుకు ఎంత సమయంలో వస్తాయి. రెండోది, కాయిన్లను మన సొంత వాలెట్‌కు, అంటే తాళం మన చేతిలోనే ఉండే యాప్‌కో పరికరానికో, పంపుకోనిస్తారా లేదా. కొన్ని యాప్‌లలో కొనడం, అమ్మడం మాత్రమే ఉంటుంది. కాయిన్ బయటకు తీసుకోవడం కుదరదు. అటువంటి చోట మేము ఖాతా తెరవలేదు.

రుసుములో కనిపించేది కొంత, కనిపించనిది కొంత ఉంటుంది. రుసుము మీద 18 శాతం జీఎస్టీ కనిపించే ఖర్చు. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉండే తేడా కనిపించనిది, "రుసుము లేదు" అని చెప్పుకునే యాప్‌లలో ఈ తేడాయే ఎక్కువగా ఉంటుంది. ఒకే నిమిషంలో రెండు ధరలూ చూసి కాగితం మీద రాసుకుంటే సంగతి తేలిపోతుంది.

ఖాతా తెరిచిన రోజే పాస్‌వర్డ్ ఆ ఒక్కచోటకే ప్రత్యేకంగా పెట్టించండి. రెండో తాళంగా ఎస్సెమ్మెస్ ఓటీపీకి బదులు, ఫోన్‌లోనే ఎప్పటికప్పుడు కొత్త కోడ్ చూపే అథెంటికేటర్ యాప్ పెట్టుకోవడం మేలు. మన సిమ్‌కు నకిలీ తీయించి ఓటీపీలు పట్టేసే మోసాలు ఉన్నాయి.

మొదటి ఐదువందలు

మొదటి నెల మేము వెయ్యి మొత్తం పెట్టలేదు. ఐదువందలు పంపి బిట్‌కాయిన్ కొన్నాం. ఒక బిట్‌కాయిన్ మొత్తం కొనాలేమో అనుకొని భయపడేవాళ్లు పెద్దవాళ్లలో ఇంకా ఉన్నారు. బిట్‌కాయిన్‌ను పది కోట్ల భాగాలుగా విడగొట్టవచ్చు, ఒక్కో భాగాన్ని సటోషి అంటారు. మన ఇళ్లలో అర గ్రాము బంగారం కొన్నట్టే అనుకుంటే సరిపోతుంది. మర్నాడు అందులో సగం అమ్మించి, ఆ రూపాయలను బ్యాంకు ఖాతాకు రప్పించాం. ఎంత సమయం పట్టింది, దారిలో ఎంత తరిగింది, టీడీఎస్ (అమ్మినప్పుడు ముందుగానే పట్టుకునే పన్ను) ఎంత పట్టుకున్నారు, ఇవన్నీ తను తన చేతితో రాసుకుంది. లోపలికి పంపడం ఏ యాప్‌లోనైనా తేలికే. తిరిగి తెచ్చుకోవడం తెలిసిన తర్వాతే రెండో వాయిదా పంపాలి. ఈ ఒక్క నియమం పాటించినవాళ్లు నకిలీ యాప్‌ల బారిన పడటం కష్టం. అయితే నకిలీ యాప్‌లు కూడా మొదట చిన్న మొత్తాలు తిరిగి ఇచ్చి నమ్మిస్తాయి కాబట్టి నమోదు సంగతి చూడకుండా ఈ పరీక్షను ఒక్కదాన్నే నమ్మకూడదు.

ఏమి కొనాలన్నదాని మీద నా మాట సూటిగా చెబుతాను. మొదటి ఏడాది బిట్‌కాయిన్, కావాలంటే ఈథర్ అనే మరో కాయిన్ కొంత, అంతే. ఇవి పెరుగుతాయన్న హామీతో చెప్పడం లేదు. బిట్‌కాయిన్ 2009 జనవరి నుంచి నడుస్తోంది, మొత్తం 2.1 కోట్లకు మించి పుట్టవన్న నియమం అందరికీ కనిపించేలా ఉంది, ఎంత పడిందో ఎంత లేచిందో చూసుకోవడానికి చరిత్ర ఉంది. మా అమ్మాయి తోటివాళ్లు పది పైసలకు దొరికే కాయిన్ ఒకటి చూపించి, రూపాయి అయితే పదింతలు కదా అన్నారట. ఆ కాయిన్లు లక్షల కోట్లలో పుట్టించి ఉంటే పది పైసలే ఎక్కువ ధర కావచ్చునని, ఒక్క కాయిన్ ధరను మొత్తం కాయిన్ల సంఖ్యతో గుణించి చూడాలని చెప్పాను. గుణించి చూసి తనే వదిలేసింది. ఫ్యూచర్స్ (రాబోయే ధర మీద పందెం), లెవరేజ్ (అరువు సొమ్ముతో పెద్ద బేరం) అనే బటన్లు యాప్‌లో మొదటి తెరమీదే మెరుస్తూ ఉంటాయి. వాటి జోలికి పోకూడదన్నది మా మధ్య షరతు, అందులో బేరం లేదు. కాయిన్ పెడితే వడ్డీ ఇస్తామనేవారి విషయమూ అంతే. డాలరుకు సమానంగా నిలుస్తుందని చెప్పుకున్న టెర్రా కాయిన్ మీద ఏడాదికి 20 శాతం దగ్గర వడ్డీ చూపించారు. 2022 మేలో అది కొన్ని రోజుల్లో నేలమట్టమైంది.

ఆ తర్వాత ప్రతి నెలా మూడో తేదీన వెయ్యి. ధర చూసి కాదు, తేదీ చూసి కొనాలి. మధ్యలో యాప్ తెరిచి ధర చూసుకోవద్దని చెప్పాను కానీ, ఆ వయసులో అది సాధ్యపడదని నాకూ తెలుసు. ధర హెచ్చరికలు మాత్రం ఆపించాను.

పుస్తకం

ఇరవై ఏళ్ల కిందట దిల్‌సుఖ్‌నగర్ వైపు తెలిసిన మనిషి నడిపే చిట్టీలో నెలకు రెండు వేల చొప్పున ముప్పై ఒక్క నెలలు కట్టాను. ఒకరోజు ఇంటికి తాళం వేసి ఉంది. పోలీసు స్టేషనుకు వెళితే, కట్టిన దానికి రసీదులు అడిగారు. నా దగ్గర ఉన్నది ఆ మనిషి నమ్మకంగా టిక్కు పెట్టిన ఒక చిన్న కార్డు. బ్యాంకులో రోజూ వోచర్లు సరిచూసే నేను, నా సొంత డబ్బుకు ఒక్క రసీదు తీసుకోలేదు. ఆ అరవై రెండు వేలు రాలేదు. అందుకే మా అమ్మాయితో మొదటిరోజే ఒక పొడుగు పుస్తకం కొనిపించాను. అందులో తేదీ, పంపిన రూపాయలు, వచ్చిన బిట్‌కాయిన్ పరిమాణం దశాంశం తర్వాత ఎనిమిది అంకెల వరకు, రుసుము, లావాదేవీ నంబరు రాస్తుంది. ప్రతి మూడు నెలలకు ఎక్స్ఛేంజీ నుంచి స్టేట్‌మెంట్ దింపుకొని తన కంప్యూటరులో పెడుతుంది. ఎక్స్ఛేంజీ మూతపడిన రోజు ఆ స్టేట్‌మెంట్ దింపుకోవడానికి వెబ్‌సైటు ఉండదు.

ఈ పుస్తకం పన్నుకు కూడా ఆధారం. క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. జీతం ఏ శ్లాబులో ఉన్నా ఈ రేటు మారదు. కొన్న ధర తప్ప మరే ఖర్చూ, ఎక్స్ఛేంజీ రుసుము సహా, తగ్గించుకోనివ్వరు. అన్నిటికంటే పిల్లలు గ్రహించవలసిన అంశం నష్టం సంగతి. ఒక కాయిన్ 10,000కు కొని 15,000కు అమ్మితే లాభం 5,000. పన్ను 1,500, సెస్సు 60, మొత్తం 1,560. అదే ఏడాది మరో కాయిన్‌లో సరిగ్గా 5,000 నష్టం వచ్చిందనుకోండి. చేతికి లాభమేమీ మిగలకపోయినా ఆ 1,560 కట్టవలసిందే, ఆ నష్టాన్ని లాభంలోంచి తీసివేయనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకుపోనివ్వరు. ఒక కాయిన్ ఇచ్చి మరో కాయిన్ తీసుకోవడం కూడా అమ్మకం కిందికే వస్తుంది. రూపాయి బయటకు రాలేదు కదా అని పిల్లలు ఇక్కడే పొరబడతారు. చీటికీ మాటికీ కొని అమ్మే అలవాటుకు ఈ లెక్క కంటే మంచి మందు నాకు దొరకలేదు. నేను ఎక్కువ మాట్లాడకుండా తన చేతే ఈ లెక్క వేయించాను.

అమ్మినప్పుడు పట్టుకునే ఒక శాతం టీడీఎస్ లాభం మీద కాదు, అమ్మిన మొత్తం మీద. పైన చెప్పిన అమ్మకంలో అది 150 రూపాయలు. ఆ సొమ్ము పాన్ ఖాతాలో జమ అవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు కట్టవలసిన పన్నులో తగ్గుతుంది. జీతం మాత్రమే ఉన్నవారు వేసే ఐటీఆర్-1 క్రిప్టో అమ్మినవారికి పనికిరాదు. ఉద్యోగస్థులైతే ఐటీఆర్-2లో ఇందుకు ప్రత్యేకంగా ఉన్న పట్టికలో ప్రతి అమ్మకాన్నీ విడివిడిగా చూపాలి. కొని ఉంచుకున్నంతకాలం పన్ను లేదు.

సొంత వాలెట్, పన్నెండు పదాలు

ఎక్స్ఛేంజీలో ఎంతవరకు ఉంచవచ్చు, ఎప్పుడు సొంత వాలెట్‌కు మార్చాలి అన్నదానికి మేము పెట్టుకున్న గీత పదివేలు. అంతకంటే తక్కువ మొత్తాలను తరచుగా పంపితే ఆ పంపే రుసుముకే చాలా పోతుంది. గీత దాటకముందే మాత్రం సాధన చేయించాలి. ఈ భాగానికి తొందరపడవద్దు, మేము రెండు ఆదివారాలు తీసుకున్నాం.

సొంత వాలెట్ పెట్టుకున్నప్పుడు అది పన్నెండు లేదా ఇరవై నాలుగు ఇంగ్లిషు పదాలు ఇస్తుంది. ఇవి 2,048 పదాల జాబితాలోంచి వచ్చినవి, వాటి వరుస కూడా ముఖ్యమే. ఆ పదాలు ఎవరి దగ్గర ఉంటే డబ్బు వాళ్లది. ఫోన్ పోయినా పదాలుంటే డబ్బు తిరిగి వస్తుంది. పదాలు పోయి ఫోన్ కూడా పాడైతే ఏ బ్యాంకు మేనేజరూ, ఏ కోర్టూ తెచ్చిపెట్టలేదు. కాబట్టి పెన్నుతో కాగితం మీద రాయాలి. ఫోటో తీయకూడదు, ఫోటో తీసిన మరుక్షణం అది ఇంటర్నెట్‌లోని నిల్వలోకి, అంటే క్లౌడ్‌లోకి, వెళ్లిపోవచ్చు. వాట్సాప్‌లో తనకు తానే పంపుకోవడం, ఈమెయిల్ డ్రాఫ్టులో పెట్టుకోవడం కూడా అంతే. మనవాళ్లకు ముఖ్యమైన కాగితమేదైనా వెంటనే జిరాక్స్ తీయించి, లామినేషన్ చేయించే అలవాటు ఉంది. ఈ కాగితాన్ని మాత్రం ఏ దుకాణానికీ తీసుకుపోకూడదు. తడి తగలకుండా రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, ఒక ప్రతి ఇంటి బీరువాలో, మరొకటి వేరే ఊళ్లోని ఇంట్లో ఉంచవచ్చు. మా అమ్మాయి రెండో ప్రతిని నల్గొండలో అమ్మమ్మగారింట్లో పెట్టింది.

సాధన ఇలా చేయించండి. వాలెట్ యాప్‌లోకి రుసుము తక్కువగా ఉండే నెట్‌వర్క్ (కాయిన్ ప్రయాణించే దారి) మీద రెండువందల రూపాయల విలువైన కాయిన్ పంపించండి. పంపే నెట్‌వర్క్, అందుకునే నెట్‌వర్క్ ఒకటేనా అని రెండుసార్లు చూడాలి, తప్పితే డబ్బు తిరిగి రాకపోవచ్చు. కాయిన్ చేరవలసిన వాలెట్ చిరునామా అతికించిన తర్వాత మొదటి నాలుగు, చివరి ఆరు అక్షరాలు పైకి చదివి సరిచూడాలి; కాపీ చేసిన చిరునామాను మధ్యలో మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. డబ్బు చేరాక, యాప్‌ను ఫోన్‌లోంచి పూర్తిగా తీసేయించండి. ఆ తర్వాత మళ్లీ పెట్టి, కాగితం మీది పదాలతో వాలెట్‌ను తిరిగి తెరిపించండి. మా అమ్మాయికి మొదటిసారి తెరుచుకోలేదు. ఏడో పదంలో ఒక అక్షరం తప్పు రాసుకుంది. యాప్ తీసేశాక దొరికిన ఆ తప్పు రెండువందల దగ్గర దొరికింది. అర్ధగంట తంటాలు పడి ఆ అక్షరమేదో కనిపెట్టినప్పుడు తన ముఖంలో వచ్చిన వెలుగు నేను మరచిపోలేను.

మొత్తం యాభై వేలు దాటితే హార్డ్‌వేర్ వాలెట్, అంటే వాలెట్ తాళాన్ని ఫోన్‌లో కాకుండా తనలో దాచే చిన్న పరికరం, కొనడం మంచిది. దానిని తయారీదారు దగ్గర నేరుగా కొనాలి. జగదీష్ మార్కెట్‌లో వాడిన ఫోన్ కొన్నట్టుగా వాడిన వాలెట్ కొనకూడదు. పెట్టెలోనే పదాలు రాసిన కాగితం వస్తే దానిని వాడనే వాడకూడదు. ఆ పదాలు మరొకరి దగ్గర కూడా ఉన్నాయని అర్థం.

మోసాలు, ఖాతా స్తంభించడం

టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టుబడి సలహాలు ఇచ్చేవాళ్లను మొత్తంగా వదిలేయమని చెప్పండి. మంచివాళ్లెవరో, చెడ్డవాళ్లెవరో వేరు చేసే ప్రయత్నం కూడా వద్దు. రేటింగులు ఇస్తే డబ్బిస్తామని మొదలై, తర్వాత క్రిప్టోలో "టాస్క్" పూర్తి చేయాలంటూ పెద్ద మొత్తాలు కట్టించుకునే మోసానికి మన నగరంలో చదువుకున్న ఉద్యోగులు కూడా చిక్కుతున్నారు. తెర మీద లాభం లక్షల్లో కనిపిస్తుంది, బయటకు తీసుకోవాలంటే ముందు పన్ను కట్టాలంటారు. నిజమైన ఎక్స్ఛేంజీ ఏదీ మన డబ్బు మనకు ఇవ్వడానికి ముందుగా డబ్బు కట్టమనదు.

మరొకటి, ఎక్స్ఛేంజీ ద్వారా కాకుండా తెలియని వ్యక్తికి కాయిన్లు అమ్మి, అతని దగ్గర నుంచి నేరుగా మన ఖాతాలోకి రూపాయలు వేయించుకోవడం. కొంచెం ఎక్కువ ధర వస్తుందని పిల్లలు ఆశపడతారు. ఆ వేసినవాడి డబ్బు ఎక్కడో మోసంలో వచ్చినదైతే, ఫిర్యాదు అందిన రాష్ట్రపు పోలీసుల మాట మీద మన ఖాతాను బ్యాంకు స్తంభింపజేస్తుంది. అది జీతం పడే ఖాతా అయితే ఆ నెల అద్దె కూడా కట్టలేరు. అటువంటి ఖాతాదారుల విజ్ఞప్తులు నా బల్ల మీదికి వచ్చాయి. పిల్లలు తప్పు చేయలేదని తెలిసినా మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు. అందుకే క్రిప్టోకు జీతపు ఖాతా కాకుండా వేరే పొదుపు ఖాతా ఒకటి తెరిపించి, నెలకు కావలసిన సొమ్ము మాత్రమే అందులోకి మార్చుకోమనండి.

మోసం జరిగిందని తెలిసిన వెంటనే, ఎవరినీ సంప్రదించడానికి ఆగకుండా 1930కు ఫోన్ చేయాలి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. మొదటి గంటల్లో ఫిర్యాదు అందితే రూపాయలు ఇంకా ఏదో బ్యాంకు ఖాతాలో ఉండగానే ఆపే వీలుంటుంది. ఒకసారి కాయిన్లుగా మారి దేశం దాటాక చాలా కష్టం. పిల్లలు ఇంట్లో తిడతారన్న భయంతోనే ఆ గంటలు పోగొట్టుకుంటారు. మా అమ్మాయికి మొదటిరోజే మాటిచ్చాను: ఏ అర్ధరాత్రి ఫోన్ చేసినా ముందు 1930 సంగతి చూస్తాం, ఎందుకు చేశావని ఆ రోజు అడగను.

బీరువాలో కవరు

చివరి పని ఎవరూ ఎత్తడానికి ఇష్టపడనిది. బ్యాంకు ఖాతాకు నామినీ ఉంటారు, మనిషికి ఏదైనా జరిగితే మరణ ధ్రువపత్రంతో ఇంట్లోవాళ్లు వెళ్లి అడగవచ్చు. సొంత వాలెట్‌లో ఉన్నదానికి అలా అడగడానికి కిటికీ లేదు. ఇరవై మూడేళ్ల పిల్లతో ఆ మాట మాట్లాడటం నాకు నోరు రాలేదు. స్కూటీ మీద రోజూ గచ్చిబౌలి వెళ్లివస్తున్నాను కదా బాబాయ్ అని తనే అంది. ఒక కవరులో ఏ ఎక్స్ఛేంజీలో ఏ ఈమెయిల్‌తో ఖాతా ఉంది, ఏ వాలెట్ యాప్ వాడుతోంది, పదాల కాగితాలు ఏ రెండు ఇళ్లలో ఉన్నాయి, లెక్కల పుస్తకం ఎక్కడుంది అన్నవి రాసింది. పదాలు మాత్రం ఆ కవరులో రాయలేదు. కవరు అంటించి, అంటు మీద సంతకం చేసి, వాళ్ల నాన్న బీరువాలో ఇంటి కాగితాల పక్కన పెట్టింది. ఆ కవరును ప్రతి ఉగాదికి తెరిచి, మారినవి సరిచేసి, కొత్త కవరులో పెట్టి మళ్లీ అంటించాలని నిర్ణయించుకున్నాం. ఈ ఉగాదికి మొదటిసారి తెరిచాం. వాలెట్ యాప్ మారింది, మిగతావన్నీ అలాగే ఉన్నాయి.